పడమటి మండలాలలో ఆన్‌లైన్ ఉన్నత విద్య

ఆన్‌లైన్ విద్య అనగా అధ్యాపకుడు, విద్యార్థి ఒకేచోట లేకుండా అంతర్జాలం ద్వారా సాగే బోధన. తరగతి గదిలోని బోధనను, అంతర్జాల బోధనను కలిపి నడిపే పద్ధతిని మిశ్రమ విద్య అంటారు. ఆంధ్ర ప్రదేశ్‌లోని పూర్వపు చిత్తూరు జిల్లా పశ్చిమ భాగమైన వాల్మీకిపురం, మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలను స్థానికంగా "పడమటి మండలాలు" అని పిలుస్తారు. కళాశాలలు కొద్ది పట్టణాలలోనే ఉండి, విద్యార్థులు చుట్టుపక్కల పల్లెల నుండి రావలసిన ఈ ప్రాంతానికి ఆన్‌లైన్ విద్య వలన కలిగే లాభం, నష్టం రెండూ ఎక్కువే. ఈ విధానం విద్యార్థుల నిమగ్నత (చదువులో మనసు పెట్టి పాల్గొనడం) మీద, మానసిక స్వస్థత మీద చూపే ప్రభావం ఈ వ్యాసంలోని విషయం.

ప్రాంతం, విద్యాసంస్థలు

మదనపల్లెలోని బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల 1915లో స్థాపించబడినది. 1919లో రవీంద్రనాథ్ టాగూర్ ఇక్కడ బస చేసి "జనగణమన" గీతాన్ని ఆంగ్లంలోనికి అనువదించాడు. అప్పటి ప్రిన్సిపాలు జేమ్స్ కజిన్స్ భార్య మార్గరెట్ కజిన్స్ ఆ గీతానికి స్వరరచన చేసింది. తిరుపతిలో 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఏర్పడిన తరువాత ఈ ప్రాంతపు డిగ్రీ కళాశాలలు దాని పరిధిలోనికి వచ్చాయి. కుప్పంలో 1997లో ద్రావిడ విశ్వవిద్యాలయం ఏర్పడినది. ఆంధ్ర ప్రదేశ్, కర్ణాటక, తమిళనాడు రాష్ట్రాల సరిహద్దులు కలిసే చోట ద్రావిడ భాషల అధ్యయనం కొరకు దీనిని నెలకొల్పారు. మదనపల్లెకు సమీపంలోని అంగళ్ళు వద్ద 1998లో మదనపల్లె ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ అండ్ సైన్స్ (మిట్స్) ప్రారంభమైనది.

వాల్మీకిపురం (పాత పేరు వాయల్పాడు) మదనపల్లె - పీలేరు మార్గంలో ఉన్నది. పై చదువుల కొరకు ఇక్కడి విద్యార్థులు మదనపల్లెకు, తిరుపతికి లేదా బెంగుళూరుకు వెళ్ళడం పరిపాటి. టమాటా సేద్యం, పాడి, పట్టు నేత ఈ ప్రాంతపు ముఖ్య జీవనాధారాలు. 2008లో ఉమ్మడి ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం ప్రారంభించిన బోధన రుసుముల చెల్లింపు (ఫీజు రీయింబర్స్‌మెంట్) పథకం తరువాత, ఇటువంటి కుటుంబాల నుండి మొదటి తరం విద్యార్థులు పెద్ద సంఖ్యలో వృత్తివిద్యా కళాశాలలలో చేరారు.

పూర్వ చరిత్ర

దూరం నుండి చదువు చెప్పడం తెలుగువారికి కొత్త కాదు. భారతదేశంలో మొట్టమొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్ర ప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా ప్రారంభమై, 1991లో డా. బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంగా పేరు మార్చుకున్నది. తపాలాలో వచ్చే పాఠ్యపుస్తకాలు, ఆకాశవాణి పాఠాలు, సెలవు రోజులలో అధ్యయన కేంద్రాలలో జరిగే తరగతులు దీని బోధనా పద్ధతులు. ఇంటివద్దనే చదివే విద్యార్థికి కూడా అప్పుడప్పుడు అధ్యాపకుని, తోటివారిని కలిసే అవకాశం ఉండాలన్నది అధ్యయన కేంద్రాల ఉద్దేశం. 2000 దశకంలో ఉపగ్రహం ద్వారా కళాశాలలకు పాఠాలు ప్రసారం చేసిన "మన టీవీ" మరొక ప్రయత్నం.

2002లో హ్యూలెట్-ప్యాకార్డ్ (హెచ్.పి.) సంస్థ రాష్ట్ర ప్రభుత్వంతో కలిసి కుప్పంలో "ఐ-కమ్యూనిటీ" అనే మూడేళ్ళ పథకాన్ని చేపట్టినది. దీని క్రింద కంప్యూటర్లు, అంతర్జాల సౌకర్యం గల సమాచార కేంద్రాలు ఏర్పడినాయి. ఇంటింటికీ కంప్యూటరు లేని రోజులలో పదిమంది వచ్చి వాడుకునే చోటుగా ఇవి రూపొందాయి.

2009 ఫిబ్రవరి 3న సమాచార సాంకేతికత ద్వారా విద్యను అందించే జాతీయ మిషన్ తిరుపతిలో ప్రారంభమైనది. 10 డాలర్ల లాప్‌టాప్ అని విశేషంగా ప్రచారం పొందిన "సాక్షాత్" పరికరాన్ని అక్కడ ప్రదర్శించారు. అయితే అది అందరూ ఆశించిన లాప్‌టాప్ కాదని వెంటనే తేలినది. 2011లో ఆకాశ్ టాబ్లెట్, 2017 జూలైలో ఉచిత కోర్సులందించే స్వయం వేదిక, 2017 డిసెంబరులో ఆంధ్ర ప్రదేశ్ ఫైబర్‌నెట్ ప్రారంభమైనాయి.

కరోనా కాలం (2020-2021)

కరోనా మహమ్మారి కారణంగా ఆంధ్ర ప్రదేశ్‌లో విద్యాసంస్థలు 2020 మార్చి 19 నుండి మూతపడ్డాయి. మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనది. వసతిగృహాలు ఖాళీ అయినాయి, పాఠాలు ఫోనులలోనికి మారాయి. తుది సంవత్సరం పరీక్షలు జరపవలసినదేనన్న విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యు.జి.సి.) నిర్ణయాన్ని 2020 ఆగస్టు 28న సుప్రీం కోర్టు సమర్థించింది. రాష్ట్రంలో కళాశాలలు 2020 నవంబరు 2 నుండి విడతల వారీగా తెరుచుకున్నాయి. 2021 వేసవిలో రెండవ విడత వ్యాధి విజృంభించడంతో ప్రత్యక్ష తరగతులు మళ్ళీ ఆగిపోయాయి.

ఈ మార్పునకు ఇళ్ళు సిద్ధంగా లేవు. జాతీయ నమూనా సర్వే 75వ విడత (2017-18) ప్రకారం దేశంలోని గ్రామీణ కుటుంబాలలో 4.4 శాతానికి మాత్రమే కంప్యూటరు, 14.9 శాతానికి మాత్రమే అంతర్జాల సౌకర్యం ఉన్నవి. పట్టణాలలో ఇవి వరుసగా 23.4 శాతం, 42 శాతం. 2016 తరువాత చవకైన మొబైల్ డేటా వలన ఫోనులో అంతర్జాలం వాడకం బాగా పెరిగినది. అయినా సాధారణ ప్లానులలో రోజుకు లభించే 1.5 లేదా 2 గిగాబైట్ల డేటా నాలుగైదు గంటల వీడియో పాఠాలకు సరిపోవడం కష్టం. ఇంటిలో ఒకే స్మార్ట్‌ఫోను ఉండి, చదివే పిల్లలు ఇద్దరు ముగ్గురు ఉన్నచోట పాఠం ఎవరు వినాలన్నది ప్రతిరోజూ తేల్చుకోవలసిన విషయమైనది.

పడమటి మండలాలలో దీనికి మరొక కోణం కలదు. మదనపల్లె ప్రాంతంలో టమాటా కోతలు ముమ్మరంగా ఉండేది వేసవి నుండి వర్షాకాలం వరకు. వ్యవసాయ కుటుంబంలో ఇంటిపట్టున ఉన్న యువకుడు పొలం పనికి అందివచ్చిన మనిషి. యువతి అయితే ఇంటి పని, పశువుల పని కూడా. కళాశాలకు వెళ్ళిన విద్యార్థి చదువుకుంటున్నట్లు ఇంటివారు భావిస్తారు. ఇంటిలో ఫోను చూస్తూ కూర్చున్న విద్యార్థి ఖాళీగా ఉన్నట్లు కనిపిస్తాడు. కళాశాల కేవలం పాఠాలు చెప్పే చోటు కాదు, చదువు కొరకు కొంత సమయాన్ని విడిగా కేటాయించే ఏర్పాటు కూడా.

విద్యార్థుల నిమగ్నత

విద్యాశాస్త్రవేత్తలు నిమగ్నతను మూడు విధాలుగా విభజిస్తారు. హాజరు, అభ్యాసాలు పూర్తిచేయడం వంటివి ప్రవర్తనకు సంబంధించినవి. ఆసక్తి, తన కళాశాల అనే భావన భావోద్వేగానికి సంబంధించినవి. కష్టమైన విషయాన్ని వదలక ఆలోచించడం బుద్ధికి సంబంధించినది. ఆన్‌లైన్ తరగతిలో మొదటిది సులభంగా లెక్కకు వస్తుంది. లాగిన్ అయినవారందరూ హాజరైనట్లే. కానీ కెమెరా, మైకు ఆపి ఉంచిన విద్యార్థి పాఠం వింటున్నాడో లేదో అధ్యాపకునికి తెలియదు. తరగతి గదిలో ముఖాలు చూసి, అర్థం కాలేదని గ్రహించి, మళ్ళీ చెప్పే అధ్యాపకుడు తెర ముందు ఆ ఆధారాన్ని కోల్పోతాడు.

అమెరికా పరిశోధకుడు మైకేల్ మూర్ దూరవిద్యలో అసలు దూరం కిలోమీటర్లలో లేదని, అధ్యాపకునికి, విద్యార్థికి మధ్య సంభాషణ ఎంత తక్కువైతే ఆ దూరం అంత ఎక్కువని వివరించాడు. దీని ప్రకారం రెండు వందల మందికి ఒకేసారి వినిపించే ప్రత్యక్ష ప్రసార పాఠం కంటే, విద్యార్థి వ్రాసి పంపిన జవాబును దిద్ది తిప్పి పంపే పాత తపాలా పద్ధతిలోనే దూరం తక్కువ కావచ్చును.

అమెరికా విద్యాశాఖ 2010లో ప్రచురించిన ఒక సమీక్షలో మిశ్రమ పద్ధతిలో చదివినవారు కేవలం తరగతి గదిలో చదివినవారికంటే కొంత మెరుగైన ఫలితాలు సాధించినట్లు తేలినది. అయితే మిశ్రమ తరగతులలో విద్యార్థులకు అదనపు సమయం, అదనపు సామగ్రి లభించడం ఇందుకు కారణం కావచ్చునని రచయితలే హెచ్చరించారు. వాషింగ్టన్ రాష్ట్రపు కళాశాలలను పరిశీలించి డీ షూ, షానా జాగర్స్ 2014లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం పూర్తి ఆన్‌లైన్ కోర్సులలో దాదాపు అన్ని వర్గాల విద్యార్థుల ఫలితాలు తగ్గినాయి. అంతకు ముందే చదువులో వెనుకబడినవారికి ఆ నష్టం మరింత ఎక్కువగా ఉన్నది. ఈ రెండింటినీ కలిపి చూస్తే, ఆన్‌లైన్ పాఠం తరగతికి తోడైనప్పుడు మేలు చేస్తుందని, తరగతి స్థానాన్ని పూర్తిగా ఆక్రమించినప్పుడు అండ ఎక్కువ అవసరమైన విద్యార్థినే ముందుగా దెబ్బ తీస్తుందని అర్థమవుతుంది.

భాష

సరిహద్దు ప్రాంతమైన పడమటి మండలాలలో తెలుగుతో పాటు తమిళం, కన్నడం, ఉర్దూ వినిపిస్తాయి. ఆంధ్ర ప్రదేశ్‌లో 2021-22 విద్యాసంవత్సరం నుండి డిగ్రీ కోర్సులను ఆంగ్ల మాధ్యమంలోనికి మార్చాలని ప్రభుత్వం నిర్ణయించింది. తరగతి గదిలో అధ్యాపకుడు ఆంగ్ల పాఠాన్ని మధ్యలో తెలుగులో విడమరచి చెప్పడం సాధారణం. ప్రక్కన కూర్చున్న స్నేహితుడు కూడా చెబుతాడు. దేశమంతటికీ కలిపి ఆంగ్లంలో రికార్డు చేసిన పాఠంలో ఈ సహాయం ఉండదు. అయితే అటువంటి పాఠాన్ని ఆపి, వెనుకకు త్రిప్పి, ఎన్నిసార్లయినా వినవచ్చును. పదిమందిలో లేచి ప్రశ్న అడగడానికి జంకే విద్యార్థికి ఇది నిజమైన ఉపయోగం.

మానసిక స్వస్థత

స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు జెరెమీ బైలెన్‌సన్ 2021లో వీడియో సమావేశాల వలన కలిగే అలసటకు నాలుగు కారణాలు చెప్పాడు. అవి:

1. ముఖాలు అతి దగ్గరగా, ఎడతెగక కనిపించడం
2. తన ముఖాన్ని తానే చూసుకుంటూ ఉండవలసి రావడం
3. కదలకుండా ఒకేచోట కూర్చోవడం
4. సైగలు, చూపులు సహజంగా అందక మెదడు అధికంగా శ్రమించడం

కెమెరా ఆపివేస్తే మొదటి రెండు తగ్గుతాయి, కానీ ఒంటరితనం పెరుగుతుంది. ఒకే గది ఇంటిలో ఉండే విద్యార్థి కెమెరా ఆపడానికి తన ఇల్లు ఇతరులకు కనిపిస్తుందనే సంకోచం కూడా కారణం కావచ్చును. కావున కెమెరా తప్పనిసరి అనే నిబంధన అందరిపై ఒకే విధంగా పనిచేయదు.

ఆర్థిక ఇబ్బంది తోడైనప్పుడు ఈ ఒత్తిడి తీవ్రమవుతుంది. ఢిల్లీలోని ఒక కళాశాలలో చదువుతూ కరోనా కాలంలో తెలంగాణలోని స్వస్థలానికి తిరిగివచ్చిన ఒక విద్యార్థిని 2020 నవంబరులో ఆత్మహత్య చేసుకొన్నది. ఇటువంటి మరణానికి ఏదో ఒక్క కారణం చెప్పడం సరికాదు. అయినా ఆన్‌లైన్ తరగతులకు లాప్‌టాప్ లేకపోవడం, ఉపకారవేతనం ఆలస్యం, వసతిగృహంలో చోటు వంటి సమస్యలపై ఆ ఘటన తరువాత దేశవ్యాప్తంగా చర్చ జరిగినది.

కేంద్ర విద్యాశాఖ 2020 జూలైలో విద్యార్థుల మానసిక ఆరోగ్యం కొరకు "మనోదర్పణ్" కార్యక్రమాన్ని ప్రారంభించింది. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన "టెలి మానస్" సేవను 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి పొందవచ్చును. తెలుగుతో సహా పలు భాషలలో ఈ సేవ లభిస్తుంది.

మిశ్రమ విద్య నిబంధనలు

2021 మేలో యు.జి.సి. మిశ్రమ విద్యపై ముసాయిదా పత్రాన్ని విడుదల చేసింది. ప్రతి కోర్సులోనూ 40 శాతం వరకు ఆన్‌లైన్‌లో, మిగిలినది తరగతి గదిలో బోధించవచ్చునని అందులో ప్రతిపాదించారు. స్వయం కోర్సుల ద్వారా పొందగల క్రెడిట్ల పరిమితిని కూడా అదే సంవత్సరం 20 నుండి 40 శాతానికి పెంచారు. గుర్తింపు పొందిన సంస్థల దూరవిద్య, ఆన్‌లైన్ పట్టాలు సాధారణ పట్టాలతో సమానమని 2022 సెప్టెంబరులో యు.జి.సి. ప్రకటించింది. 2024 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం అంతర్జాతీయ కోర్సుల కొరకు ఎడెక్స్ సంస్థతో ఒప్పందం చేసుకున్నది.

ఈ 40 శాతాన్ని ఎలా వాడుతారన్నదే విద్యార్థులకు ముఖ్యం. పాఠాన్ని ముందుగా రికార్డులో విని, తరగతి సమయాన్ని లెక్కలు చేయడానికి, ప్రశ్నలకు, ప్రయోగాలకు వినియోగించినచో నిమగ్నత పెరుగుతుంది. అధ్యాపకుల కొరత తీర్చడానికి మాత్రమే వినియోగించినచో తగ్గుతుంది. చిన్న పట్టణాల కళాశాలలలో క్రింది ఏర్పాట్లు ఎక్కువ ఖర్చు లేకుండా చేయదగినవి:

* రికార్డు చేసిన పాఠాలను తక్కువ పరిమాణంలో, కళాశాల వైఫైలో దించుకునేలా ఉంచడం
* గ్రంథాలయాన్ని, కంప్యూటరు గదిని తరగతుల తరువాత కూడా తెరచి ఉంచడం
* నలుగురైదుగురు విద్యార్థులను జట్టుగా చేసి, ఒక అధ్యాపకుడు వారంవారం పలకరించడం
* ఆంగ్ల పాఠాలకు తెలుగులో సంక్షిప్త వివరణలు చేర్చడం
* వరుసగా హాజరు కాని విద్యార్థిని శిక్షించేముందు కారణం కనుక్కోవడం

ఇవి సార్వత్రిక విశ్వవిద్యాలయపు అధ్యయన కేంద్రానికి, కుప్పంలోని సమాచార కేంద్రానికి కొనసాగింపు వంటివే. పాఠం ఎక్కడినుండైనా రావచ్చును గాని, విద్యార్థి కూర్చుని చదువుకోవడానికి ఒక చోటు, అతను రాకపోతే గమనించడానికి ఒక మనిషి ఉండాలి.

ఇవి కూడా చూడండి

* ద్రావిడ విశ్వవిద్యాలయం
* డా. బి.ఆర్.అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం
* బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల
* వాల్మీకిపురం
* దూరవిద్య