దట్టింపు తుపాకిలో గుండు ఆకారము

1959 నాటి ఆయుధముల చట్టములో ఒక విశేషము ఉన్నది. పంటలను నిజముగా కాపాడుకొనుటకై లైసెన్సు కోరే రైతుకు ఇవ్వదగినదిగా ఆ చట్టము మొదట పేర్కొన్నది మూతినుండి మందు దట్టించి పేల్చే పాతకాలపు తుపాకినే. సైన్యములు ఇటువంటి తుపాకిని వదలివేసి నూటయేబది ఏండ్లు దాటింది. అయినా నల్లమల అంచునుండి గుంటూరు, ప్రకాశము మెట్టపొలములదాకా అడవిపందుల బెడద ఉన్నంతకాలము దీని మాట వినబడుతూనే ఉంటుంది. లైసెన్సు ఉన్నంతమాత్రాన వేటాడవచ్చునని కాదు. 1972 నాటి వన్యప్రాణి రక్షణ చట్టము ప్రకారము పంటను పాడుచేసే పందినైనా అధికారుల అనుమతి లేనిదే కొట్టరాదు. ఇక్కడ మనము చూడబోయేది ఒక పాత వాదము: పెద్ద జంతువుకు గుండ్రని గుండు మేలా, కోలగుండు మేలా?

ఈ తుపాకికి పుట్టుకతోనే ఒక చిక్కు ఉన్నది. గుండును మూతినుండి లోపలికి నెట్టవలె గనుక అది గొట్టముకంటె సన్నముగా ఉండవలె. పేలినపుడు వాయువులు ప్రక్కలనుండి జారిపోకూడదంటే గొట్టమునకు బిర్రుగా ఉండవలె. అనగా, ఎక్కేటపుడు చిన్నది, వెళ్ళేటపుడు పెద్దది కావలె. గుండ్లలోని రకములన్నీ ఈ చిక్కుకు మనుష్యులు వెదకిన జవాబులే.

మొదటి జవాబు, సందును సందుగానే వదలుట. ఈస్టిండియా కంపెనీ సిపాయిలు మోసిన బ్రౌన్‌బెస్ తుపాకి గొట్టపు వ్యాసము సుమారు 19 మిల్లీమీటర్లు, గుండు 17.5. మిగిలిన ఒకటిన్నర మిల్లీమీటరు సందులో గుండు అటూ ఇటూ కొట్టుకొని, చివరకు ఏ గోడను తాకితే ఆ ప్రకారము తిరుగుతూ బయటపడేది. తిరిగే గోళమును గాలి ఒక ప్రక్కకు నెట్టుతుందని 1740 దశకములో చూపినవాడు బెంజమిన్ రాబిన్స్. ఈయన తరువాత కంపెనీ ఇంజనీరుగా మన తూర్పుతీరమునకు వచ్చి, 1751లో కడలూరు దగ్గర సెంట్ డేవిడ్ కోటలో మరణించాడు.

రెండవది గుడ్డ. గొట్టము లోపల మెలితిరిగిన గాడులు తీసి, గుండును కొవ్వు రాసిన గుడ్డముక్కలో చుట్టి దట్టిస్తారు. గుడ్డ సందును మూస్తుంది, గాడుల మెలికను గుండుకు అందిస్తుంది. అది నూలుగుడ్డే కావలె. కృత్రిమ దారముల బట్ట వేడికి కరిగి గొట్టమునకు అంటుకొంటుంది. నూలు మాడుతుందేగాని కరగదు. పత్తికి ఈ కథలో మరొక పాత్ర కూడ కలదు. 1846లో షోన్‌బైన్ పత్తినుండి గన్‌కాటన్ అనే పేలుడు పదార్థమును చేశాడు. నేటి పొగరాని మందుకు మూలము అదే. దానిని పాత దట్టింపు తుపాకిలో పోస్తే గొట్టమే పగిలి, పేల్చినవాని చేతులూ ముఖమూ పోతాయి. పాతమందుకు సరిపడ చేసిన ఇనుము ఈ పీడనమునకు నిలువదు.

మూడవ జవాబుకు బీజము దక్షిణ భారతములోనే దొరికినదని చెబుతారు. 19వ శతాబ్ది పూర్వార్ధములో నార్టన్ అనే ఆంగ్ల సైనికాధికారి ఇక్కడి వేటగాండ్ర ఊదుగొట్టపు బాణములను పరిశీలించాడట. వాటి మొదలు మెత్తని బెండుతో చేసినది. ఊదగానే ఉబ్బి గొట్టమును మూసేది. ఆ ఆలోచనతో ఆయన మొదలు గుల్లగా ఉన్న కోలగుండును తయారుచేశాడు. మందు పేలగానే మెత్తని సీసపు అంచు విచ్చుకొని గాడులలో కరచుకొంటుంది. 1849లో ఫ్రాన్సులో మినియే దీనిని చక్కబరచాడు. 1853 నాటి ఎన్‌ఫీల్డు రైఫిలుది ఈ జాతి గుండే. దాని కాగితపు తూటాకు పూసిన కొవ్వు 1857లో ఎంత పని చేసిందో పాఠకులకు తెలిసినదే.

ఇక పోలిక. బ్రౌన్‌బెస్ గుండు బరువు సుమారు 32 గ్రాములు. ఎన్‌ఫీల్డు కోలగుండు 34 గ్రాములు, వ్యాసము 14.4 మిల్లీమీటర్లు. బరువు ఇంచుమించు ఒకటే, కాని గాలికి ఎదురయ్యే వైశాల్యము మూడింట రెండువంతులే. అందుచేత కోలగుండు వేగమును నెమ్మదిగా కోల్పోతుంది, శరీరములో లోతుగా దిగుతుంది. కాని ఒకే గొట్టములో గుండ్రని గుండుకు రెట్టింపు బరువుగల కోలగుండును అంతే శక్తితో పంపితే, దాని తొలివేగము పదింట ఏడువంతులే అవుతుంది. దారి ఎక్కువ వంపు తిరుగుతుంది.

ఈ కారణముననే మధ్యపరగణాలలో వేటాడిన జేమ్స్ ఫోర్సైత్ 1860 దశకములో ఒక గ్రంథము వ్రాసి, దగ్గరనుండి కాల్చే అడవివేటకు గుండ్రని గుండే మేలని వాదించాడు. కాని చిన్నది కాదు. వ్యాసము రెట్టింపయితే వైశాల్యము నాలుగు రెట్లు, బరువు ఎనిమిది రెట్లు అవుతుంది. పొడవు పెంచుటకు బదులు లావు పెంచమన్నాడు. పన్నెండు బోరు అంటే పౌను సీసమునకు పన్నెండు వచ్చే గుండు. ఒక్కొక్కటి సుమారు 38 గ్రాములు. ఇటువంటిది పంది భుజముమీది దట్టమైన తోలును చీల్చుకొని లోపలికి పోగలదు. సన్నని సీసపు గుళికలు గాయము చేసి వదలుతాయి. గాయపడిన పంది మరునాడు మిరపకోతకు వచ్చిన కూలీలమీద పడవచ్చు. సీసపు తునకలు మిగిలిన మాంసము మనిషికి, కళేబరమును తినే పక్షులకు విషము.

ప్లాస్టిక్ తొడుగులో సన్నని గుండును పెట్టే సాబట్ పద్ధతి విదేశములలో వచ్చినది. ఇది గాడులున్న గొట్టమునకే ఉపయోగము. మన చట్టము మాటలనుబట్టి పంటల కాపలా తుపాకి గాడులు లేనిదే. అందులో కోలగుండు తిరుగుడు లేక పల్టీలు కొడుతుంది. కాబట్టి వాదము ఇక్కడ దానంతట అదే తీరిపోయినది. మైదానములో మరొక లాభముకూడ ఉన్నది: గుండ్రని గుండు వేగము త్వరగా పోతుంది.

అయినా లెక్క చూడండి. ఒకటిన్నర మీటరు ఎత్తున నేలకు సమాంతరముగా కాలిస్తే గుండు నేలను తాకుటకు సెకనులో సగముకంటె కొంచెము ఎక్కువ పడుతుంది. సగటు వేగము సెకనుకు 300 మీటర్లనుకొంటే అది 165 మీటర్లు పోతుంది. అంతలో ప్రక్కచేనుకు రాత్రి నీరు పెట్టే మనిషి ఉండవచ్చు. మంచెమీద, నేలకు నాలుగు మీటర్ల ఎత్తున తుపాకి ఉంచి, 30 మీటర్ల దూరములో అర మీటరు ఎత్తున గురిచూస్తే, తప్పిన గుండు 34 మీటర్ల దగ్గరే నేలలో దిగుతుంది. తడిసిన నల్లరేగడి దానిని మింగివేస్తుంది. వేసవిలో ఎండి గట్టిపడిన నేలమీద మాత్రము గుండు తాకి ఎగిరిపోవచ్చు.