గాజుతొట్టిలో మలుగు ఏల తినదు?

క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్ది ఆరంభమున రోము నగరములో లూసియస్ లిసీనియస్ క్రాసస్ అను గొప్ప వక్త ఉండెను. ఆయన తన ఇంటి కొలనులో ఒక సముద్రపు మలుగును పెంచెను. పిలిచినంతనే అది ఒడ్డునకు వచ్చి ఆయన చేతినుండి ఆహారము నందుకొనెడిదని ప్రాచీన గ్రంథకర్తలు వ్రాసిరి. అది చచ్చినపుడు క్రాసస్ కన్నీరు పెట్టుకొనెను. డొమీషియస్ అను తోటి అధికారి ఆ సంగతి ఎత్తి పరిహసించెను. అందుకు క్రాసస్, ముగ్గురు భార్యలను పూడ్చిపెట్టియు ఒక్క కన్నీటి బొట్టు రాల్చనివాడవు నీవు గదా యని బదులు చెప్పెనట!

ఇంటిలో ఉప్పునీటి అక్వేరియము నెలకొల్పి అందులో మలుగును పెంచగోరు వారికి నేడు ఎదురగు చిక్కు ఇందుకు విరుద్ధమైనది. ఎంతో సొమ్ము పెట్టి కొని తెచ్చిన మలుగు తొట్టిలో వదలిన మరుక్షణమే రాళ్ళ సందున దూరును. పిలిచినను రాదు; వేసిన ఆహారమును ముట్టదు. మూడు దినములు గడచును, వారము గడచును. యజమాని కంగారుపడి మరికొంత ఆహారము వేయును. అదియు అట్లే పడియుండును. చివరకు ఒకనాడు మలుగు చనిపోవును. ఆకలిచేతనే చచ్చెనని అందరును తలంతురు. కాని పలుమార్లు దానిని చంపునది ఆకలి కాదు, యజమాని తొందరపాటు. ఇది ఎట్లో తెలియవలెనన్నచో మలుగు శరీరనిర్మాణమును, తొట్టిలోని నీటి స్వభావమును కొంత ఎరుగవలెను.

మలుగులలో రకములు

తెలుగునాట మలుగుపాము అనగా నదులలోను, చెరువులలోను దొరకు పామువంటి చేప. అది నిజమైన మలుగే. మనము పులుసు చేసికొను బొమ్మిడాయి ఆకారమున దీనిని కొంత పోలియున్నను, అది వేరొక వర్గమునకు చెందిన చేప. అక్వేరియములలో పెంచునవి సముద్రపు మలుగులు. వీనిని మొరే మలుగులందురు. వీనిలో సుమారు 200 జాతులు కలవు. పగడపు దిబ్బల సందులలో తల మాత్రము బయటపెట్టి ఇవి దాగియుండును. పెక్కు జాతులు చీకటి పడిన పిమ్మట వేటకు వెడలును. వీనికి పొలుసులు లేవు. ఒడలెల్ల జిగురుపొర కప్పియుండును. ఇతర చేపలకు రొమ్మునొద్దను, పొట్టయొద్దను ఉండు జంట వాజములు కూడ లేవు. కావుననే సన్నని సందులలో ఇవి సులభముగా జారిపోగలవు.

మలుగు ఎల్లప్పుడును నోరు తెరచుచు మూయుచు ఉండుట చూచి, అది కరవవచ్చుచున్నదని కొందరు భయపడుదురు. ఆకలిగొన్నదని మరికొందరు భ్రమపడుదురు. నిజమునకు అది శ్వాసక్రియ మాత్రమే. నోటితో నీటిని లోనికి తీసికొని మొప్పల మీదుగా పంపుటకే అది అట్లు చేయును.

ఇండ్లలో పెంచుటకు అనువైనదిగా పేరొందినది 'ఎకిడ్నా నెబ్యులోసా' అను జాతి. తెల్లని ఒడలిపై నల్లని మచ్చలును, వాని నడుమ పసుపుపచ్చని చుక్కలును ఉండుటచే దీనికి ఆంగ్లమున స్నోఫ్లేక్ ఈల్, అనగా మంచుపలుకు మలుగు, అని పేరు వచ్చినది. ఎర్రసముద్రము, తూర్పు ఆఫ్రికా తీరము మొదలుకొని హిందూ, పసిఫిక్ మహాసముద్రములందు ఇది విస్తరించియున్నది. దీని పండ్లు సూదులవలెగాక మొద్దుబారి యుండును. పీతలవంటి గట్టి పెంకు గల జీవులను నలుగగొట్టి తినుటకు అట్టి పండ్లే తగినవి. నీలపు మేనితో పట్టుదారమువలె కానవచ్చు రిబ్బను మలుగు అంగడిలో మనస్సు నాకర్షించును గాని, బంధనములో ఆహారమును ముట్టనిదిగా అది ప్రసిద్ధికెక్కినది. అనుభవము లేనివారు దానిని కొనకుండుటయే ఆ జీవికి చేయు మేలు.

కంటికన్న ముక్కు మిన్న

మొరే మలుగు చూపు మందము. దాని వేటకు ఆధారము ఘ్రాణశక్తి. ముక్కునకు ముందువైపున చిన్న గొట్టములవంటి రెండు రంధ్రములును, వెనుక కండ్ల సమీపమున మరి రెండు రంధ్రములును కలవు. ముందు గొట్టములద్వారా నీరు లోనికి పోయి, వాసనను గ్రహించు పొరను తాకి, వెనుక రంధ్రములనుండి వెలువడును. 1959లో బార్డాక్, విన్, మెంజెల్ అను శాస్త్రజ్ఞులు రెండు జాతుల మొరే మలుగులపై పరిశోధనలు చేసి, ఆహారమును కనుగొనుటలో వాసనకు గల ప్రాధాన్యమును వెల్లడించిరి.

ఇపుడు తొట్టిలోని మలుగు స్థితిని ఊహింపుడు. పైనుండి రాలు ఆహారపు రేకులు సాధారణపు చేపలకు కనబడును. అవి పైకి ఎగబ్రాకి తినును. రాతిసందున దాగిన మలుగునకు ఆ రేకులు కనబడవు. వాని వాసన దానికి పరిచితమైనది కాదు. పైగా తల మీద ప్రకాశవంతమైన దీపము వెలుగుచుండును. వేటకు ఇది సమయము కాదని ఆ వెలుగే దానికి తెలుపును. ఆహారము ఎదుటనే ఉన్నను, ఆహారమున్నదను వార్త దానికి అందలేదన్నమాట.

గొంతులో రెండవ దవడలు

మలుగు తిను విధానము కూడ వింతయైనది. పెక్కు చేపలు నోటిని ఒక్కుమ్మడిగా విశాలము చేసి, నీటితోపాటు ఆహారమును లోనికి పీల్చుకొనును. ఇరుకు సందులలో తలను విశాలము చేయుటకు తావు ఉండదు. మరి మలుగు పట్టిన జంతువును ఎట్లు మ్రింగును? ఈ ప్రశ్నకు 2007లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు చెందిన రీటా మెహతా, పీటర్ వైన్‌రైట్ అను శాస్త్రజ్ఞులు సమాధానము చెప్పిరి. అతివేగముగా చిత్రములు తీయు కెమెరాలతో వారు పరిశీలింపగా, మలుగు గొంతులో వాడి పండ్లు గల రెండవ జత దవడలు ముందునకు దూకి, నోటిలోని ఆహారమును పట్టి, లోనికి లాగుకొనిపోవుచున్నట్లు తేలెను.

దీనివలన యజమాని నేర్వదగిన పాఠమొకటి కలదు. పొడివంటి ఆహారము, సన్నని గుళికలు మలుగునకు పనికిరావు. దానికి కావలసినది పండ్లతో పట్టి లాగుకొనదగిన మాంసపు ముక్క.

పస్తు ఎంతవరకు?

మన శరీరము తన వేడిని నిలుపుకొనుటకు తిన్న ఆహారములో అధిక భాగమును వెచ్చించును. చేపకు ఈ వ్యయము లేదు. దాని శరీరపు వేడి చుట్టునున్న నీటి వేడితో సమానముగా ఉండును. పైగా మలుగు మాటువేసి వేటాడు జీవి. సముద్రమున దానికి ప్రతిదినము ఆహారము దొరకునను నమ్మకము లేదు. కావున ఆరోగ్యముగానున్న మలుగు క్రొత్త తొట్టిలో ఒకటి రెండు వారములు తినకున్నను సాధారణముగా అపాయము లేదు. తల వెనుకభాగము లోనికి పోయి బక్కచిక్కినను, ఊపిరి వేగముగా తీసికొనుచున్నను, నోటియొద్ద గాయము కనబడినను మాత్రము ఉపేక్షింపరాదు.

తొందరపాటు తెచ్చు అనర్థము

ముట్టని ఆహారము నీటిలో క్రుళ్ళి అమ్మోనియా పుట్టును. జీవుల విసర్జితములనుండియు ఇదియే పుట్టును. ఇది మొప్పలను దెబ్బతీయు విషము. ఒక తెగ బాక్టీరియాలు అమ్మోనియాను నైట్రైటుగను, మరియొక తెగ నైట్రైటును నైట్రేటుగను మార్చును. మొదటి రెండిటికన్న నైట్రేటు చాల తక్కువ హానికరము. ఈ బాక్టీరియాలు క్రొత్త తొట్టిలో తగినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆరు వారములు పట్టును. అంతకు ముందే మలుగును విడచుట ప్రమాదకరము.

ఉప్పునీటి విషయమున మరియొక చిక్కు కలదు. సముద్రపు నీరు కొంచెము క్షారగుణము కలది; దాని పి.హెచ్. 8.1 ప్రాంతమున ఉండును. నీటిలో క్షారత హెచ్చినకొలది, మిక్కిలి విషకరమైన స్వేచ్ఛా అమ్మోనియా భాగము హెచ్చును. అందుచే తటస్థమైన మంచినీటిలో చేప ఓర్చుకొనగల అమ్మోనియా పరిమాణమే సముద్రపు నీటిలో ప్రాణాంతకము కావచ్చును.

ఇక విషవలయమును చూడుడు. మలుగు తినలేదని ఆహారము హెచ్చుగా వేయుదురు. అది క్రుళ్ళి నీరు చెడును. నీరు చెడినందున మలుగు మరింత ముడుచుకొని ఆహారమును మానును. అది చూచి యజమాని ఇంకను వేయును. క్రాసస్ కాలపు రోమను ధనికులు పెక్కురు తమ చేపల కొలనులను సముద్రతీరమున నిర్మించి, కాలువలద్వారా క్రొత్త నీరు వచ్చిపోవునట్లు ఏర్పరచుకొనెడివారు. గాజుతొట్టిలో ఆ సదుపాయము లేదు. అందు పడిన ప్రతి ముక్కకును యజమానియే బాధ్యుడు.

తినిపించు విధానము

మొదట నివాసము. 200 లీటర్లకు తక్కువ కాని తొట్టిలో, ఒడలంతయు దాగుటకు చాలినంత పొడవుగల ప్లాస్టిక్కు గొట్టమునో, కదలకుండ పేర్చిన రాళ్ళ గుహనో అమర్చవలెను. దాగుటకు చోటు దొరకిన మలుగే ధైర్యముగా బయటికి వచ్చును. మూతలో చిన్న సందు కూడ ఉండరాదు. ఆ సందుగుండ వెలువడి నేలపై ఎండిపోయిన మలుగులు పెక్కు కలవు. నీటి వేడిమి 24 నుండి 27 డిగ్రీల సెంటీగ్రేడు వరకును, సాపేక్ష సాంద్రత 1.020 నుండి 1.025 వరకును ఉండవలెను. అమ్మోనియా, నైట్రైటు బొత్తిగా ఉండరాదు. మలుగు తినకున్నపుడు మొట్టమొదట పరీక్షింపవలసినది ఈ నీటినే.

తరువాత కాలము. తెచ్చిన మొదటి రెండు మూడు దినములు ఆహారమే వేయనక్కరలేదు. పిమ్మట ఒక సాయంకాలము దీపములార్పి, గది సద్దుమణిగిన తరువాత ప్రయత్నింపవలెను.

ఇక ఆహారము. పచ్చి రొయ్య, స్క్విడ్ లేక సముద్రపు చేప ముక్క మేలైనవి. మంచులో గడ్డకట్టించినదైనచో పూర్తిగా కరుగనీయవలెను. ఉప్పు పట్టించినది, వండినది, కోడి లేక మేక మాంసము తగవు. ముక్కను పొడవైన కర్రకుగాని, ప్లాస్టిక్కు పట్టకారుకుగాని తగిలించి, గుహ ద్వారమునకు కొంచెము దూరమున, నీటి ప్రవాహమునకు ఎగువన ఉంచి మెల్లగా కదల్చవలెను. వాసన ప్రవాహముతోపాటు గుహలోనికి పోవును. కొన్ని నిమిషములలో తల బయటికి రావచ్చును. ముక్కను దాని మూతిపై పొడువరాదు, గుహలోనికి తరుమరాదు. వ్రేళ్ళతో ఎన్నడును అందింపరాదు. చూపు మందమైన మలుగునకు రొయ్య వాసన గల వ్రేలునకును, రొయ్యకును భేదము తెలియదు.

అరగంట, గంటసేపు వేచినను ముట్టకున్నచో ముక్కను తప్పక తీసివేయవలెను. రెండు దినముల తరువాత మరల ప్రయత్నింపవలెను. మారు ముక్కలు వేయుటకన్న ఈ విరామమే మేలు. ఎంతకును ముట్టని మలుగునకు బ్రతికిన చిన్న రొయ్యను విడువవచ్చును. దాని కదలిక, వాసన రెండును వేటకు ప్రేరేపించును. ఒకసారి తిన మొదలిడిన పిమ్మట మెల్లగా చచ్చిన రొయ్యకు, ఆపై ఇతర ముక్కలకు అలవాటు చేయవలెను.

అలవాటుపడిన పెద్ద మలుగునకు వారమునకు రెండు మూడు పర్యాయములు చాలును. ఆహారమును మార్చుచుండుట అవసరము. గోల్డ్‌ఫిష్ మొదలగు కొన్ని జాతుల చేపలలో థయమినేసు అను ఎంజైము కలదు. అది బి1 విటమినును నాశనము చేయును. అట్టి చేపలనే ఎడతెగక పెట్టినచో కడుపు నిండియు మలుగు క్షీణించును.

ఓర్పు, అభ్యాసము

ఒకే వేళకు, ఒకే చోట, ఒకే కర్రతో ఆహారమిచ్చుచున్నచో కొన్ని వారములలో మలుగు ఆ కర్రను గుర్తించి బయటికి వచ్చును. 2021లో ప్రకటింపబడిన పరిశోధనలో మెహతా, ఆమె సహచరుడు డోనహో మంచుపలుకు మలుగులకు వాలుబల్లపై నీటినుండి వెలుపలికి ప్రాకివచ్చి ఆహారము తీసికొనుట నేర్పిరి. గొంతులోని దవడల సహాయమున అవి నీరు లేకయే మ్రింగగలిగినవి. క్రాసస్ మలుగు పిలుపునకు వచ్చుటలోని రహస్యము కూడ ఇట్టి అభ్యాసమే కావచ్చును. దాని వెనుక ఎన్ని దినముల ఓర్పు ఉన్నదో గ్రంథకర్తలు చెప్పలేదు.

ఉప్పునీటి తొట్టి లేని పాఠశాలలలో కూడ ఇందలి మూలసూత్రమును పరీక్షింపవచ్చును. మంచినీటి తొట్టిలో ఒక బొమ్మిడాయిని ఉంచి, అది అలవాటుపడిన తరువాత, మసక వెలుతురులో ఒక మూల పిల్లర్‌తో కొన్ని చుక్కల మంచినీరు వదలి దాని ప్రవర్తనను వ్రాసికొనవలెను. మరునాడు అదే వేళకు, అదే మూల, రొయ్యను నలిపి గుడ్డతో వడగట్టిన నీటిని అన్నియే చుక్కలు వదలవలెను. కంటికి ఆహారమేదియు కనబడకున్నను చేప ఏమి చేయునో, ఎంతసేపటికి చేయునో విద్యార్థులు గడియారము పెట్టి గుర్తింతురు గాక. ఒక్కనాటి ఫలితముతో తృప్తిపడక, ఐదారు పర్యాయములు చేసి సరిపోల్చవలెను. ఒకవేళ చేప కదలకున్నచో, ఆహారము హెచ్చింపక, ముందుగా నీటిని పరీక్షింపుడు.