మన ఊరి పాటల పత్రిక

మీ వీధిలో గిటారు వాయించే అన్నయ్య ఒకడు ఉండవచ్చు. పక్క వీధిలో డ్రమ్ములు కొట్టే అక్క ఉండవచ్చు. వాళ్ళిద్దరూ కలిసి బడి వార్షికోత్సవంలో పాడితే మీరంతా చప్పట్లు కొట్టి ఉంటారు. పట్నం పత్రికలు ఆ సంగతి రాయవు. వచ్చే ఏటికి మీరూ మరిచిపోతారు. అలా కాకుండా ఉండాలంటే మీరే ఒక పత్రిక పెట్టాలి. కర్నూలులోనో, కడపలోనో ఉన్న పిల్లలు తమ ఊరి రాక్ సంగీతానికి ఒక పత్రిక తయారు చెయ్యాలంటే ఏం చెయ్యాలో చూద్దాం.

రాక్ అనే ఇంగ్లీషు మాటకు రాయి అని ఒక అర్థం ఉంది, ఊగడం అని మరొక అర్థం ఉంది. ఈ సంగీతానికి పేరు వచ్చింది రెండో అర్థం నుంచే. అమెరికాలో నల్లజాతి వారి బ్లూస్ పాటలూ, మరికొన్ని రకాల పాటలూ కలిసి 1950 ప్రాంతాల్లో "రాక్ అండ్ రోల్" అయినాయి. గిటార్లూ, డ్రమ్ములూ కలిసి మోగుతుంటే వినేవాడి కాలు ఊరుకోదు. చెక్కభజన చూసినవారికి ఈ ఊపు కొత్త కాదు.

పత్రిక పెట్టాలని బుద్ధి పుట్టగానే చాలామంది ముందు దానికి పేరు వెతుకుతారు. తరవాత అట్ట మీద మంచి బొమ్మ వేస్తారు. లోపల ఏం రాయాలో తోచక అక్కడితో ఆగిపోతారు. అన్నిటికన్న ముందు తేల్చుకోవలసింది ఒకటుంది: ఈ పత్రికను చదివేది ఎవరు? ఇది తేలితే మిగిలినవి ఒకదాని వెంట ఒకటి వాటంతట అవే తేలుతాయి.

దీనికి ఒక కథ చెబుతాను. ఇంగ్లండులో మెర్సీ నది సముద్రంలో కలిసే చోట లివర్‌పూల్ అనే రేవుపట్నం ఉంది. 1960 నాటికి ఆ ఊళ్ళో కుర్రవాళ్ళ పాటబృందాలు వందలకొద్దీ ఉండేవి. లండన్ పత్రికలు వాటిని లెక్క చెయ్యలేదు. చిత్రకళ చదివే బిల్ హారీ అనే యువకుడు 50 పౌన్లు అప్పు తెచ్చి, ఒక దుకాణం పైన ఉన్న చిన్న గదిలో కూర్చుని, వాళ్ళ కోసం ఒక పత్రిక మొదలుపెట్టాడు. దాని పేరు "మెర్సీ బీట్". మొదటి సంచిక 1961 జూలై 6న వచ్చింది. వెల 3 పెన్నీలు. అచ్చు వేసినవి 5,000 ప్రతులు. అన్నీ అమ్ముడుపోయాయి.

బీట్ అంటే దరువు గనక ఆ పేరు పెట్టాడని మీరనుకుంటారు. అసలు సంగతి వేరు. పోలీసువాడు గస్తీ తిరిగే మేరను కూడా బీట్ అంటారు. మన ఊళ్ళలోనూ "బీటు కానిస్టేబుల్" అనే మాట ఉంది కదా! తన పత్రిక ఏ ఊళ్ళ వార్తలు రాయాలి అని బిల్ హారీ ఆలోచిస్తుండగా, గస్తీ తిరిగే పోలీసువాడు అతని మనసులో మెదిలాడట. ఆ మేర దాటిన సంగతులు ఎంత గొప్పవైనా అతనికి అక్కరలేదు.

ఆ మొదటి సంచికలో జాన్ లెనన్ అనే కుర్రవాడు తన బృందం ఎలా పుట్టిందో వేళాకోళంగా రాశాడు. ఆ బృందం పేరు బీటిల్స్. అప్పటికి వాళ్ళను లివర్‌పూల్ బయట ఎరిగినవారు తక్కువ. ఆ ఊళ్ళోనే రికార్డుల దుకాణం నడిపే బ్రయన్ ఎప్‌స్టయిన్ మొదట 12 ప్రతులు తెప్పించాడు. అవి చూస్తుండగానే చెల్లిపోయాయి. తరవాతి సంచికకు 144 ప్రతులు కావాలన్నాడు. కొద్ది నెలలకు ఆయనే బీటిల్స్ వ్యవహారాలు చూసే మేనేజరు అయ్యాడు. ఆ తరవాత ఆ బృందం పేరు ప్రపంచమంతా తెలిసింది.

ఆ పత్రిక అంతగా అమ్ముడు కావడానికి కారణం ఏమిటి? కొన్నవాడికి అందులో తన వీధి పేరు, తను పాట విన్న హాలు పేరు, తన స్నేహితుడి పేరు కనిపించాయి. ఏ బృందం ఇష్టమో చెప్పమని పాఠకుల చేత ఓట్లు కూడా వేయించారు. అది తమ పత్రికే అని పాఠకులకు తోచింది.

ఇంగ్లండు దాకా పోనక్కరలేదు. కడప జిల్లా పొట్టిపాడులో 1912లో పుట్టిన బి. నాగిరెడ్డి గారు మద్రాసులో అచ్చు యంత్రాలు పెట్టి, చక్రపాణి గారితో కలిసి 1947 జూలైలో "చందమామ" ప్రారంభించారు. వాళ్ళు ఎంచుకున్న పాఠకుడు అప్పుడప్పుడే కూడబలుక్కుని చదవడం నేర్చిన పిల్లవాడు. అందుకని మాటలు తేలికగా ఉండేవి, పేజీ పేజీకీ బొమ్మ ఉండేది. బొమ్మ చూసిన పిల్లవాడు కథ కోసం అక్షరాల దగ్గరికి వచ్చేవాడు. ఆ పత్రిక ఇప్పుడు రావడం లేదు. అయినా మీ ఇంట్లో తాతయ్యను అడిగితే అందులోని బేతాళ కథ ఒకటైనా చెబుతాడు.

ఇక మీ సంగతి. ముందు మీ గస్తీ మేర గీసుకోండి. కర్నూలు వాళ్ళకు తుంగభద్ర ఒడ్డూ, కొండారెడ్డి బురుజు చుట్టుపక్కల వీధులూ చాలు. కడప వాళ్ళకు దేవుని కడప నుంచి పెద్ద దర్గా దాకా చాలు. మీ పాఠకుడికి పదేళ్ళో పన్నెండేళ్ళో అనుకుందాం. వాడి జేబులో 10 రూపాయలకు మించి ఉండవు. చదవడానికి దొరికేది మధ్యాహ్నం అన్నం బెల్లు తరవాత పావుగంట. ఈ మూడు సంగతులే మీ పత్రిక వెలను, పేజీలను, వ్యాసాల పొడవును నిర్ణయిస్తాయి.

లెక్క చూడండి. రెండు కాగితాలను ఒకదానిలో ఒకటి పెట్టి సగానికి మడిస్తే 8 పేజీల పుస్తకం వస్తుంది. దీనికి నాలుగు ప్రక్కల జిరాక్సు కావాలి. ప్రక్కకు 2 రూపాయలనుకుంటే ప్రతికి 8 రూపాయలు. 30 ప్రతులకు 240 రూపాయలు. ప్రతి 10 రూపాయలకు అమ్మితే 24 ప్రతులు అమ్ముడు కాగానే పెట్టిన డబ్బు తిరిగి వస్తుంది. అంటే మీకు కావలసింది 24 మంది పాఠకులు. ఒక కాగితం తీసుకుని ఆ 24 మంది పేర్లు రాయండి. పది పేర్లు రాసేసరికి కలం ఆగిపోయిందా? అయితే మీ పాఠకుడెవరో మీకింకా తెలియలేదన్న మాట.

పేజీల వరసలో ఒక తమాషా ఉంది. పై కాగితం ఒక ప్రక్క 8, 1 పేజీలు వస్తాయి. దాని వెనక 2, 7 వస్తాయి. లోపలి కాగితం మీద 6, 3. దాని వెనక 4, 5. ఏ ప్రక్క చూసినా రెండు అంకెలూ కలిపితే 9 అవుతుంది. 12 పేజీల పుస్తకమైతే 13 అవుతుంది. మొత్తం పేజీలకు ఒకటి కలిపి ఈ లెక్క సరిచూసుకుంటే పేజీలు తారుమారు కావు. లేకపోతే పాట మొదలు ఒకచోటా, చివర ఇంకొకచోటా పడి పాఠకుడు నవ్వుతాడు.

నల్ల సిరాతోనే రాయండి. పెన్సిలు గీతలూ, లేత నీలం సిరా జిరాక్సులో వెలిసిపోతాయి. మన అక్షరాలకు పైన గుడులూ, కింద వత్తులూ ఉంటాయి గనక వరసల మధ్య ఇంగ్లీషులో కన్న ఎక్కువ ఎడం కావాలి. అంచుల్లో వేలెడు చోటు వదలండి.

ఇప్పుడు పేజీలు పంచుదాం. 1 అట్ట. 2 మీ మాట, పాఠకుల ఉత్తరాలు. 3లో ఊరి బృందంతో ముచ్చట. మీరు ఏ తీగ ఎందుకు బిగిస్తారు, ఎక్కడ సాధన చేస్తారు, పొరుగువారు కేకలు వెయ్యరా అని అడగండి. 4, 5 పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన ఉంటాయి, బల్ల మీద పరిచినట్టు తెరుచుకుంటాయి. అందుకని పాటను అక్కడ వెయ్యాలి. పాట రాసిన వాళ్ళను అడిగి, ఒప్పుకుంటేనే వెయ్యండి. 7లో ఏ కచేరీ ఎప్పుడో, ఓట్లలో ఎవరు గెలిచారో వేయవచ్చు. ఒక మూల చిన్న వార్తకు చోటు ఉంచండి. కడప పెద్ద దర్గాకు వచ్చి వెళ్ళే ఏ.ఆర్. రెహమాన్ గారు సినిమాలకు సంగీతం కట్టకముందు మద్రాసులో రాక్ బృందంలో కీబోర్డు వాయించారు. ఇలాంటిది మీ పాఠకుడు ఇంటికి పోయి నలుగురికీ చెబుతాడు.

6వ పేజీ శాస్త్ర విషయానికి. కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలున్నాయి. అవి 2022 దాకా కర్నూలు జిల్లాలో ఉండేవి, ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి. అక్కడ సప్తస్వరాల గుహ అని ఒకటుంది. పైనుంచి వేలాడే రాతి ఊడలను తడితే మోగుతాయి. నేల మీది బండను తడితే మోగదేం? బండ అన్నివైపులా నేలను అంటుకుని ఉంటుంది, కంపించడానికి దానికి వీలు లేదు. ఊడకు పై కొన ఒక్కటే పట్టు, కింది భాగం కంపిస్తుంది. గిటారు తీగ కూడా కొనల దగ్గర బిగిసి, నడుమ కంపించే మోగుతుంది. రాక్ పత్రికలో నిజంగానే రాయి పాడినట్టవుతుంది! ఊడలు పెరగడానికి వేల ఏళ్ళు పడుతుంది గనక చూడబోయినవారు వాటిని కొట్టరాదని కూడా రాయండి.

పాటల పత్రికకు ఒక పెద్ద చిక్కుంది. కాగితం మాట్లాడదు. మరి దరువును ఎలా చూపడం? ఒకటి, రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడుతూ నాలుగు సున్నాలు గీయండి. రాక్ పాటల్లో సాధారణంగా రెండూ, నాలుగూ గట్టిగా పడతాయి. ఆ రెండు సున్నాలకూ సిరా నింపండి. పాఠకుడు వాటిని చూసి చప్పట్లు కొడితే దరువు దానంతట అదే వస్తుంది.

ఈ జాగ్రత్త ఎందుకో వినండి. కడప సీమలోని తాళ్ళపాకలో పుట్టిన అన్నమాచార్యుల పాటలను రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో దాచారు. రాగి చెడలేదు. పాటల మాటలు నిలిచాయి, పైన రాగం పేరూ నిలిచింది. కాని పాట ఏ వరసలో నడుస్తుందో రేకుల మీద లేదు. వందల ఏళ్ళు వాటిని చదివినవారు లేరు. ఇరవయ్యో శతాబ్దంలో అవి వెలుగులోకి వచ్చినప్పుడు రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారి వంటి విద్వాంసులు వాటికి కొత్తగా వరసలు కట్టవలసి వచ్చింది. అన్నమయ్య స్వయంగా ఎలా పాడాడో ఇప్పుడు ఎవరూ చెప్పలేరు.

ఇప్పుడు ఫోనులో గొంతు పట్టుకోవచ్చు. తప్పక పట్టుకోండి. అయితే పాడింది ఎవరు, ఏ ఊరు, ఏ పండుగకు పాడేవారు అనే సంగతులు ఫోను అడగదు. మీరు అడిగి, రాసి, అచ్చు వెయ్యాలి. ఫోను మారితే పాట పోతుంది. 30 ఇళ్ళలో 30 ప్రతులుంటే ఎక్కడో ఒకటి మిగులుతుంది.

ఇంకా 8వ పేజీ మిగిలింది. దాన్ని మీ అవ్వకు ఇవ్వండి. కలుపు తీసేటప్పుడో, గొబ్బెమ్మల చుట్టూ తిరిగేటప్పుడో ఆమె పాడిన పాట ఒకటి ఆమె చెబుతుంటే రాసుకోండి. కింద సున్నాలతో దరువు గుర్తులు వేయండి. గిటారు అన్నయ్య ఆ దరువు పట్టుకుని వాయిస్తాడేమో అడగండి.

పత్రిక తయారు కాగానే మొదటి ప్రతి ఆమె దగ్గరికి తీసుకుపోండి. ఆమెకు చదవడం రాకపోతే మీరే చదివి, చప్పట్లు కొట్టి వినిపించండి. ఎక్కడో ఒకచోట "అట్లా కాదు నాయనా" అంటుంది. ఆ దిద్దుబాటును రెండో సంచికలో వేయండి.