నంబర్ సరిగ్గా ఉన్నా చష్మా ఎందుకు కుదరదు? కళ్లద్దాలు బిగించేవారి సంఘం చేసే పని ఇదీ

కంటి పరీక్ష అయ్యాక చేతికొచ్చే చీటీలో నంబర్ ఉంటుంది. ఆ నంబర్ సరిగ్గా ఉంటే చష్మా కూడా సరిగ్గా ఉన్నట్టేనని చాలా ఇళ్లలో అనుకుంటారు. కానీ కొత్త అద్దాలు పెట్టుకోగానే తల తిరిగినట్టు ఉండడం, మెట్లు దిగుతుంటే నేల పైకి లేచినట్టు కనిపించడం, పిల్లాడు అద్దాల పైనుంచి చూడడం... ఇవన్నీ ప్రతిసారీ నంబర్ తప్పు వల్లే రావు. అద్దాన్ని ఫ్రేమ్‌లో ఎక్కడ కూర్చోబెట్టారు, ఫ్రేమ్ ముక్కు మీద ఎలా నిలబడింది అనే దాంట్లో తేడా వచ్చినా ఇదే జరుగుతుంది.

కంటి జబ్బుకు వైద్యం చేసేది కంటి డాక్టర్. చూపు పరీక్షించి నంబర్ చెప్పేది ఆప్టోమెట్రిస్ట్. ఆ నంబర్ ప్రకారం అద్దాలు ఎంపిక చేసి, కొలతలు తీసి, మొహానికి సరిపడేలా అమర్చేది డిస్పెన్సింగ్ ఆప్టీషియన్. బ్రిటన్‌లో ఈ మూడో పనికి కూడా చదువు, పరీక్ష, రిజిస్ట్రేషన్ ఉన్నాయి. దాని వెనుక ఒక వృత్తి సంఘం ఉంది. ఆ సంఘం ఏం చేస్తుందో తెలిస్తే, మన ఊళ్లో చష్మా కొనేటప్పుడు ఏం అడగాలో కూడా తెలుస్తుంది.

మిల్లీమీటర్లలో తేడా

ప్రతి అద్దానికీ ఒక కేంద్ర బిందువు ఉంటుంది. అది కంటిపాపకు ఎదురుగా ఉండాలి. అందుకే రెండు కంటిపాపల మధ్య దూరాన్ని కొలుస్తారు. దీన్నే పీడీ అంటారు. మైనస్ 6 నంబర్ ఉన్న మనిషికి అద్దం కేంద్రం 5 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే, ఆ కంటి మీద 3 ప్రిజమ్ డయాప్టర్ల ప్రభావం పడుతుంది. అంటే కనిపించే బొమ్మ పక్కకు జరుగుతుంది. దాన్ని సరిచేసుకోవడానికి కంటి కండరాలు రోజంతా కష్టపడతాయి. తలనొప్పి, కళ్లు లాగడం వస్తాయి. నంబర్ ఎంత ఎక్కువైతే ఈ తేడా అంత ఎక్కువ.

దూరానికీ దగ్గరికీ ఒకే అద్దం ఉండే ప్రోగ్రెసివ్‌లలో ఎత్తు కొలత కూడా కావాలి. చదివే భాగం అద్దం కింది వైపు ఉంటుంది. నేల మీద కూర్చుని రెహాల్ మీద ఖురాన్ పెట్టుకుని చదివే పెద్దవాళ్లకూ, ఫోన్ దగ్గరగా పట్టుకుని చదివేవాళ్లకూ దూరం ఒకటే కాదు. మంచి ఆప్టీషియన్ "మీరు ఎలా కూర్చుని చదువుతారు?" అని ముందే అడుగుతాడు.

బజారులో తనిఖీ కొత్తది కాదు

కంటి పని చేసేవాడికి జవాబుదారీ ఉండాలన్న ఆలోచన పాతదే. 12వ శతాబ్దంలో సిరియాలో అల్-షైజరీ రాసిన హిస్బా గ్రంథంలో, కంటి వైద్యుడైన కహ్హాల్‌ను బజారు పర్యవేక్షకుడైన ముహ్తసిబ్ పరీక్షించాలని ఉంది. హునైన్ ఇబ్న్ ఇస్‌హాఖ్ కంటి మీద రాసిన పది వ్యాసాల గ్రంథాన్ని బట్టి ప్రశ్నలు అడగాలి. కంటి పొరలు, జబ్బులు, మందులు తెలిసినవాడికే అనుమతి.

లండన్‌లో కళ్లద్దాల తయారీదారుల సంఘానికి 1629లో రాజు చార్లెస్ 1 చార్టర్ ఇచ్చాడు. 1671లో ఆ సంఘం నాసిరకం కళ్లద్దాలను పట్టుకుని, లండన్ స్టోన్ అనే రాతి మీద పగలగొట్టించింది. కొనేవాడికి అద్దం నాణ్యత తెలియదు కాబట్టి తెలిసినవాళ్లే కాపలా కాయాలన్నది దాని ఉద్దేశం.

కౌన్సిల్ వేరు, సంఘం వేరు

బ్రిటన్‌లో 1958 నాటి ఆప్టీషియన్ల చట్టంతో జనరల్ ఆప్టికల్ కౌన్సిల్ ఏర్పడింది. ఆప్టోమెట్రిస్టులు, డిస్పెన్సింగ్ ఆప్టీషియన్ల రిజిస్టర్ దాని దగ్గరే ఉంటుంది. తప్పు చేసిన వారిని రిజిస్టర్ నుంచి తొలగించే అధికారం కూడా దానిదే. కౌన్సిల్ పని ప్రజలను కాపాడడం.

అసోసియేషన్ ఆఫ్ బ్రిటిష్ డిస్పెన్సింగ్ ఆప్టీషియన్స్ పని ఇంకోటి. 1986లో రెండు పాత సంస్థలు కలిసి ఇది ఏర్పడింది. దీని పరీక్షలు పాసైనవారికే ఎఫ్‌బీడీఓ అర్హత వస్తుంది. కెంట్‌లో సంఘానికి సొంత కాలేజీ ఉంది. చదువు అయ్యాక కూడా సభ్యులకు శిక్షణ ఇస్తుంది, వృత్తి సలహాలు చెబుతుంది, బీమా కల్పిస్తుంది, ప్రభుత్వంతో వారి తరఫున మాట్లాడుతుంది.

సంఘం ఉండేది సభ్యుల కోసమే. అయినా లాభం గ్రాహకుడికీ అందుతుంది. ఎందుకంటే ఏ కొలత ఎలా తీయాలి, పిల్లాడికి ఫ్రేమ్ ఎలా కుదరాలి అనేది దుకాణం యజమాని ఇష్టం మీద కాకుండా, అందరూ ఒప్పుకున్న ప్రమాణం మీద నడుస్తుంది. "ఇలా ఇస్తే తప్పు" అని యజమానితో చెప్పడానికి ఉద్యోగికి ఒక అండ దొరుకుతుంది. ఫిర్యాదులు మాత్రం సంఘానికి కాదు, కౌన్సిల్‌కో, గ్రాహకుల కోసం ఉన్న ప్రత్యేక ఫిర్యాదుల సేవకో వెళ్తాయి.

పిల్లల దగ్గర రాజీ లేదు

బ్రిటన్‌లో సరైన చీటీ ఉంటే పెద్దవాళ్లకు నిబంధనల ప్రకారం ఎవరైనా అద్దాలు అమ్మొచ్చు. కానీ 16 ఏళ్లలోపు పిల్లలకూ, చూపు లోపం ఉన్నట్టు నమోదైనవారికీ అలా కుదరదు. రిజిస్టరైన నిపుణుడు స్వయంగా గానీ, ఆయన పర్యవేక్షణలో గానీ ఇవ్వాలి. కారణం తేలికే. చిన్న వయసులో చూపు ఇంకా ఎదుగుతూ ఉంటుంది. చష్మా జారిపోయి పిల్లాడు పైనుంచి చూస్తుంటే, నంబర్ ఎంత సరైనదైనా వృథానే. పైగా అది కుదరడం లేదని చిన్నపిల్లలు నోరు విప్పి చెప్పలేరు.

మన దగ్గర

భారత్‌లో 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం ఆప్టోమెట్రిస్టులను గుర్తించింది. అద్దాలు బిగించి ఇచ్చే దుకాణదారుకు మాత్రం బ్రిటన్ తరహా రిజిస్టర్ లేదు. బాగా నేర్చిన చేయి ఉన్న దుకాణాలూ ఉన్నాయి, ఫ్రేమ్ అమ్మి పంపేవీ ఉన్నాయి. బయటి నుంచి చూస్తే రెండూ ఒకేలా కనిపిస్తాయి. 2018లో తెలంగాణలో మొదలైన కంటి వెలుగుతో లక్షల మందికి అద్దాలు అందాయి. పరీక్ష జనం దగ్గరికి వచ్చింది. బిగించే పనికి ప్రమాణం ఇంకా రావాలి.

అప్పటిదాకా కుటుంబాలే ఈ నాలుగూ చూసుకోవాలి:

- పీడీ కొలిచారా? చీటీ మీద రాసివ్వమని అడగండి. లండన్ నుంచి సెలవులకొచ్చి హైదరాబాద్‌లో అద్దాలు చేయించుకునేవారు ఇది మరవొద్దు. అక్కడి చీటీ మీద పీడీ ఉండాలన్న నియమం లేదు.
- హిజాబ్, నిఖాబ్ వేసుకునేవారు రోజూ కట్టుకునే తీరులోనే ఫ్రేమ్ పెట్టి చూసుకోవాలి. బట్ట కింద కాడ నొక్కుకుంటే ఫ్రేమ్ వంకరై, అద్దం కేంద్రం జరుగుతుంది. కొలతలకు మహిళా సిబ్బంది ఉన్నారా అని అడగడం మీ హక్కు.
- పిల్లలకు సులభంగా పగలని పాలీకార్బనేట్ లాంటి అద్దం తీసుకోండి. పిల్లాడు తల వంచి, ఊపి చూసినా ఫ్రేమ్ జారకూడదు.
- కొత్త చష్మాతో కొన్ని రోజులైనా ఇబ్బంది తగ్గకపోతే "అలవాటవుతుంది" అన్న మాటతో ఊరుకోవద్దు. నంబర్, కేంద్రం రెండూ చీటీతో సరిపోయాయో లేదో మెషీన్ మీద చూపించమనండి.

నాలుగో మాటకు దుకాణదారు విసుక్కోకుండా అద్దాలు తీసి మెషీన్ మీద పెడితే, అక్కడ పని తెలిసినవాడు ఉన్నాడని నమ్మొచ్చు.