నీటి నడుమ నాగార్జునకొండ

ఒక ప్రాంతపు చరిత్రను గ్రంథాలు మాత్రమే చెప్పవు. శిథిలమైన గోడలు, విరిగిన స్తంభాలు, రాతిపై చెక్కిన నాలుగు పంక్తులు కూడా చెబుతాయి. పల్నాటి సీమలో కృష్ణానదీ తీరాన ఉన్న నాగార్జునకొండ ఇందుకు చక్కని నిదర్శనం.

మూడు వైపులా నల్లమల కొండలు, నాలుగో వైపు కృష్ణానది. వీటి నడుమ ఉన్న లోయలో క్రీ.శ. 3, 4 శతాబ్దాలలో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి విలసిల్లింది. శాతవాహనుల అనంతరం ఈ వంశ పాలనను స్థాపించిన వాసిష్ఠీపుత్ర శాంతమూలుడు వైదిక మతాభిమాని. అశ్వమేధ, వాజపేయ యాగాలు చేసినవాడు. ఆయన సోదరి శాంతిశ్రీ మాత్రం బౌద్ధాన్ని ఆదరించింది. శాంతమూలుని కుమారుడు వీరపురుషదత్తుని 6వ పాలనా సంవత్సరంలో ఆమె మహాచైత్యానికి ఆయక స్తంభాలను సమర్పించినట్లు శాసనాలు తెలుపుతున్నాయి. ఒకే రాజకుటుంబంలో సోదరుడు యజ్ఞవేదిని, సోదరి చైత్యాన్ని ఆశ్రయించారు.

స్తూపానికి నాలుగు దిక్కులా ఐదేసి చొప్పున నిలిపేవే ఆయక స్తంభాలు. బుద్ధుని జననం, మహాభినిష్క్రమణం, సంబోధి, ధర్మచక్ర ప్రవర్తనం, మహాపరినిర్వాణం అనే ఐదు ఘట్టాలకు అవి సంకేతాలని పండితులు చెబుతారు. దానం చేసినవారు రాజవంశీయులు మాత్రమే కారు. బోధిశ్రీ అనే ఉపాసిక సింహళ భిక్షువుల కోసం చైత్యగృహాన్ని కట్టించింది. కాశ్మీరం, గాంధారం, చీనా దేశాల పేర్లు ఆమె శాసనంలో కనిపిస్తాయి. ఈ లోయకు ఎంత విశాలమైన ప్రపంచంతో పరిచయం ఉండేదో దీనివల్ల గ్రహించవచ్చు. ఇక్కడే కార్తికేయ, పుష్పభద్రస్వామి, అష్టభుజస్వామి ఆలయాలు వెలిశాయి. చుట్టూ మెట్ల వరుసలతో ఒక రంగస్థలం కూడా ఉండేది.

మరుగునపడిన ఈ నగరం 1926లో వెలుగు చూసింది. మూడు దశాబ్దాలు గడవకముందే దానికి కొత్త పరీక్ష ఎదురయింది. 1955 డిసెంబరు 10న నాగార్జునసాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది. లక్షలాది ఎకరాలకు నీరు కావాలి. అందుకు లోయ మునగక తప్పదు. అందువల్ల పురావస్తు శాఖ 1954 నుంచి 1960 వరకు విస్తృతంగా తవ్వకాలు జరిపింది. ముఖ్యమైన కొన్ని కట్టడాలను కొండపైన, ఒడ్డున ఉన్న అనుపులో తిరిగి నిర్మించింది. జలాశయం నిండగా కొండ ద్వీపమయింది. శిల్పాలు, శాసనాలు దానిపై ఉన్న ప్రదర్శనశాలలో భద్రంగా ఉన్నాయి.

ఆనకట్ట పొలాలకు ప్రాణం పోసింది. ఆ మేలు కాదనరానిది. అయితే తరలించగలిగింది రాళ్ళను మాత్రమే. యాగశాలకు విహారం ఎంత దూరమో, నదీతీరాన ఉన్న ఆలయానికి చైత్యం నుంచి దారి ఎటు సాగేదో నేలపై నడిచి తెలుసుకునే అవకాశం నీటిలో కలిసిపోయింది. తవ్వకాలలో గీసిన పటాలు, రాసిన వివరాలే ఇప్పుడు ఆ దారులు. అవి కూడా లేకపోతే విజయపురి రెండోసారి మరుగునపడేది. మన ఊరి గుట్టమీది పాత మండపానికైనా, చెరువుగట్టున పడి ఉన్న శాసనానికైనా ఇదే వర్తిస్తుంది. వాటిని చదివి, నమోదు చేసి, కాపాడినప్పుడే పూర్వులు తరువాతి తరాలతో మాట్లాడగలుగుతారు.