నాణేనికి మెరుగెందుకు?

2023 దీపావళి నాడు కంప్లిలో మా ఇంట ఒక చిన్న రభస జరిగింది. లక్ష్మీపూజకు పళ్ళెంలో డబ్బు పెట్టడం మనకందరికీ ఉన్న అలవాటే గదా! మా ఇంట ఆ పళ్ళేనికి కొన్ని నాణేలు ప్రత్యేకించి ఉన్నవి. విక్టోరియా రాణి రూపాయలు రెండు, జార్జి రాజు రూపాయి ఒకటి, 1969లో గాంధీజీ శతజయంతికి వచ్చిన పదిరూపాయల వెండి నాణెం ఒకటి. ఏటేటా పండుగకు ముందురోజు మా అమ్మ వాటిని చింతపండుతోనూ విభూతితోనూ తోమి, తళతళలాడించి, పసుపు కుంకుమ పెట్టి పళ్ళెంలో ఉంచుతుంది.

ఆ ఏడు హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా పెద్దబ్బాయి ఇంకొక నాణెం తెచ్చాడు. నందమూరి తారక రామారావు గారి శతజయంతికి వెలువడిన నూరు రూపాయల నాణెం అది. చిన్న పెట్టె, ఆ పెట్టెలో గాజువంటి గుండ్రని మూత, ఆ మూతలో అద్దంలా మెరిసే నాణెం. వాడు దాన్ని అందరికీ చూపించి, మురిసి, అలమరలో పెట్టి బజారుకు వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అది పూజ పళ్ళెంలో ఉన్నది. మూత లేదు. అద్దం మెరుగు మీద కొబ్బరిపీచు గీతలు సన్నగా పడి ఉన్నవి. నడుమ కుంకుమ బొట్టు.

"అవ్వా! ఎంత పని చేస్తివి!" అని వాడు నెత్తి పట్టుకున్నాడు.

"ఏం చేస్తినప్పా? మూతలో ఉండే లక్ష్మికి బొట్టెట్లా పెట్టేది?"

"అది ప్రూఫ్ నాణెమవ్వా! చేత్తో తాకగూడదు."

"తాకగూడని రూకలు ఎందుకప్పా తెస్తివి?" అన్నది అమ్మ.

వాడు జవాబు చెప్పలేకపోయాడు. ఆ ప్రశ్న మాత్రం నన్ను పట్టుకుని వదలలేదు. నాకు కూడా పాత నాణేల పిచ్చి కొంచెం ఉన్నది. హోసపేటలోనూ బళ్ళారిలోనూ గంగావతిలోనూ ఆ పిచ్చి గల నేస్తులున్నారు. కలిసిన వారినల్లా ఇదే అడిగాను. వారి మాటలూ, నాకు తోచినదీ చదువరుల ముందు పెడుతున్నాను.

ఏమిటీ మెరుగు?

ముందు ఆ నాణెం సంగతి. దానిని 2023 ఆగస్టు 28న రాష్ట్రపతి భవనంలో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము గారు విడుదల చేశారు. ముద్రించినది హైదరాబాదు టంకసాల. 1803లో నిజాము కాలంలో మొదలైన ఆ టంకసాల, 1903లో సైఫాబాదుకూ, 1997లో చర్లపల్లికీ మారింది. నాణెం అడ్డుకొలత 44 మిల్లీమీటర్లు, బరువు 35 గ్రాములు. అందులో వెండి సగం, రాగి నూటికి 40 పాళ్ళు, నికెలు 5, జింకు 5.

ఇటువంటి స్మారక నాణేలను మన టంకసాలలు సామాన్యంగా రెండు తీరుల్లో అమ్ముతవి. ఒకటి చెలామణి కానిది, అనగా యంత్రం నుంచి వచ్చి ఎవరి జేబులోనూ పడకుండా నేరుగా కొనుగోలుదారు చేతికి చేరేది. మెరుపు ఉంటుంది గాని అద్దం కాదు. రెండవది ప్రూఫ్. దీనికి ముద్ర కొట్టే ఉక్కు అచ్చును ముందే అద్దంలా సానపడతారు. అచ్చులో బొమ్మ ఉన్న భాగాన్ని మాత్రం గరుకు చేస్తారు. పూర్వం సన్నని ఇసుక చిమ్మీ, ఆమ్లం పూసీ చేసేవారు. నేడు కొన్ని టంకసాలల్లో ఆ పనిని లేజరు చేస్తున్నది. లోహపు బిళ్ళను కూడా ముందే మెరుగు పెట్టి, ఒక్కొక్కటిగా అచ్చుల నడుమ ఉంచి, ఒకటికి రెండుసార్లు గట్టిగా ఒత్తుతారు. అందుచేత నేల అద్దంలాగా, బొమ్మ మంచు పట్టినట్లు తెల్లగా కనిపిస్తుంది. తరువాత చేతితొడుగులతో తీసి మూతలో పెడతారు. ఆ అద్దం మీద చేతి చెమట పడితే చాలు, కొన్నాళ్ళకు వేలిముద్ర లోహంలోకి దిగి నిలిచిపోతుంది. మా అబ్బాయి నెత్తి పట్టుకున్నది ఇందుకే.

ఇవిగాక పై దేశాల్లో ఇంకా ఎన్నో ఉన్నవి. బొమ్మ అద్దంలా ఉండి నేల మంచులా ఉండే తిరగవేసిన ప్రూఫ్, పట్టుగుడ్డ వంటి మెరుపు, కావాలని నల్లబరచి పాతదిగా చేసిన మెరుగు, బంగారు పూత, చివరకు రంగుల అచ్చు.

మూడు మతాలు

నేస్తుల్లో ఒకరు బళ్ళారిలో బడిపంతులుగా చేసి విశ్రాంతి తీసుకున్నవారు. ఆయనకు ఈ మెరుగులంటే గిట్టదు. "స్వతంత్ర భారతంలో మొదటి స్మారక నాణేలు 1964లో నెహ్రూ గారి పేర వచ్చినవి. రూపాయి, అర్ధరూపాయి. అవి సంతలో కూరగాయల గంపలోకీ, బస్సు కండక్టరు సంచిలోకీ పోయినవి. పేదవాని చేతికీ నెహ్రూ అందినాడు. అదీ స్మారకమంటే! పెట్టెలో పుట్టి పెట్టెలో పెరిగేది నాణెమెట్లా అవుతుంది? అది పతకం" అని ఆయన వాదం. ఆయన దగ్గర ఉన్న నెహ్రూ రూపాయి ముక్కు అరిగిపోయి ఉన్నది. దానినే ఆయన ముద్దుగా చూసుకుంటారు.

రెండవవారు గంగావతిలో బట్టల వ్యాపారి. ప్రూఫ్ తప్ప కొనరు. "పంతులుగారు అరిగిన ముక్కును చూసి మురుస్తారు. ఆ ముక్కును చెక్కినవాని గతి ఏమిటి? చెక్కడపువాడు పడ్డ శ్రమ, వెంట్రుక వెంట్రుకగా, అక్షరం అంచు అంచుగా కనబడేది ప్రూఫులోనే. చీరలో జరీ చూడాలంటే మడత విప్పాలి గదా?" అంటారు. ఈ మాటలోనూ సత్యం లేకపోలేదు. భూతద్దం పెట్టి రెండు తీరుల నాణేలనూ పక్కపక్కన చూపించారు. తేడా స్పష్టంగా తెలిసింది.

మూడవవాడు హోసపేట కుర్రవాడు. అతనికి రంగులు ఇష్టం. 2004లో కెనడా దేశం యుద్ధంలో చనిపోయినవారి జ్ఞాపకార్థం ఎర్రని గసగసాల పువ్వు గల పావు డాలరు నాణేన్ని రంగుతో సహా చెలామణిలోకి వదిలింది. ఆ నాణేల సంగతి ఒకటి నవ్వు తెప్పిస్తుంది. కెనడా వెళ్ళివచ్చిన కొందరు అమెరికా సైనిక గుత్తేదారులు తమ జేబుల్లో ఆ పువ్వు చూసి, అది గూఢచారి యంత్రమేమోనని హడలిపోయి పై అధికారులకు రాశారు. అసలు సంగతి 2007లో బయటపడింది. మన దేశంలో కూడా 2024లో అయోధ్య బాలరాముని రంగుల వెండి బిళ్ళను ప్రభుత్వ ముద్రణ సంస్థ జ్ఞాపికగా వెలువరించింది. అయితే అది జ్ఞాపికే గాని చెల్లుబడి నాణెం కాదు. ఈ తేడా కొనేవారు గుర్తుంచుకోవాలి.

రంగు మాటెత్తితే పంతులుగారూ వ్యాపారిగారూ ఒక్కటైపోతారు. "ముద్ర అన్నది లోహంలోకి దిగాలి. పైన పూసినది ఏనాటికైనా రాలుతుంది" అని ఇద్దరి మాటా. కుర్రవాడు మాత్రం, "ఆ రంగు చూసే గదండీ మా చెల్లెలు మొదటిసారి నాణేన్ని చేతిలోకి తీసుకున్నది" అన్నాడు. దానికి వారిద్దరూ బదులు చెప్పలేదు.

లెక్క చూస్తే

సంసారులం గనుక ధర సంగతి కూడా చూడాలి. ఎన్టీఆర్ నాణెం ముఖవిలువ 100 రూపాయలు. టంకసాల దానిని మెరుగునూ పెట్టెనూ బట్టి 4,000 రూపాయలు పైబడి, 5,000 లోపు ధరలకు అమ్మింది. అందులో వెండి పదిహేడున్నర గ్రాములు. ఆనాటి ధరకు అది సుమారు 1,300 రూపాయలు. మిగిలినదంతా పనితనానికీ, పెట్టెకూ, పేరుకూ ఇచ్చినదే. ఇది మోసమని కాదు, నగకు మజూరీ ఇవ్వమా? అయితే నగ మజూరీ తిరిగి రాదని మన ఆడవారికి తెలిసినంత బాగా నాణేలు కొనే మగవారికి తెలియదు.

సేకర్తల అభిరుచి కూడా నిలకడగా ఉండదు. 1908లో అమెరికా టంకసాల తన బంగారు ప్రూఫ్ నాణేలకు అద్దం మెరుగు మానివేసి, ఇసుక చిమ్మిన మొద్దు మెరుగు పెట్టింది. సేకర్తలు మండిపడ్డారు. 1909లోనూ 1910లోనూ పట్టు మెరుపుతో వారిని సమాధానపరచ చూసింది, ఆపైన మళ్ళీ మొద్దు మెరుగుకే వచ్చింది. కొనేవారు తగ్గిపోయి, 1915తో ఆ నాణేలు ఆగిపోయినవి. ఆనాడు ఛీకొట్టిన ఆ నాణేల కోసమే నేడు వేలంపాటల్లో పోటీ పడుతున్నారు. అదే దేశంలో 2019లో ప్రత్యేకమైన మెరుగుతో 30,000 వెండి డాలర్లు అమ్మకానికి పెడితే కొద్ది నిమిషాల్లో అయిపోయినవి. అక్కడ కొన్నది మెరుగునా, కొరతనా అంటే చెప్పడం కష్టం.

మన ఊరి పాఠం

ఇంత దూరం పోనక్కరలేదు. మన కంప్లి మట్టిలోనే ఈ ప్రశ్నకు జవాబున్నది. కంపిలిదేవుడూ కుమారరాముడూ ఏలిన ఈ రాజ్యాన్ని 1327 ప్రాంతంలో కూలదోసినది మహమ్మదు బిన్ తుగ్లకు సేన. ఆ తరువాత రెండు మూడేళ్ళకే ఆ సుల్తాను ఇత్తడి, రాగి బిళ్ళలను వెండి టంకాలకు బదులుగా చెల్లాలని ఆజ్ఞ ఇచ్చాడు. ఆ బిళ్ళల మీద ఎవరూ అనుకరించలేని పనితనమేదీ లేదు. దానితో ఇంటింటా ఒక టంకసాల వెలిసిందని ఆనాటి చరిత్రకారుడు బరనీ వాపోయాడు. చివరకు సుల్తానే ఆ బిళ్ళలను వెనక్కు తీసుకుని ఖజానా నుంచి వెండి బంగారాలు ఇవ్వవలసి వచ్చింది. మంచి పనితనం ఒట్టి సొగసు కాదు, నమ్మకానికి అదే కంచె.

కంపిలి కూలిన చోటనే, పొరుగున హంపిలో విజయనగరం లేచింది. కృష్ణదేవరాయలు ఉదయగిరి గెలిచి, అక్కడి నుంచి తెచ్చిన బాలకృష్ణ విగ్రహాన్ని 1515లో హంపి కృష్ణాలయంలో ప్రతిష్ఠించాడు. ఆయన బంగారు నాణేల మీద ఒక చేత వెన్నముద్ద పట్టుకు కూర్చున్న బాలకృష్ణుడున్నాడు. ఆ విజయానికి గుర్తే ఆ నాణెమని కొందరు పండితుల ఊహ. వరహా అంతా కలిసి సుమారు మూడున్నర గ్రాములు, అర వరహా అందులో సగం. సుత్తితో కొట్టిన ముద్ర. ఒక్కొక్కదానిలో బొమ్మ ఒక పక్కకు జరిగి ఉంటుంది, అంచు వంకరగా ఉంటుంది. అద్దం లేదు, మంచు లేదు, రంగు లేదు. అవి చేతులు మారినవి, మొలలో దాగినవి, పాతర్లలో నిదురపోయినవి. అయినా ఆ బిడ్డ చేతి వెన్నముద్దను నేటికీ గుర్తుపడతాం.

నాకు తోచినది ఇది. మెరుగు చెక్కినవాని గౌరవం. దానిని కాపాడడం కొన్నవాని ధర్మం. అయితే నాణేన్ని స్మారకం చేసేది మెరుగు కాదు. ఎవరిని తలచుకుంటున్నామో ఆ తలపు. ఆ తలపు లేనివాడు ఎంత మెరుగు కొన్నా కొన్నది పెట్టెనే.

ఇంటివారికి నాలుగు మాటలు

ఇంట్లో పాత వెండి రూపాయలుంటే చింతపండుతోనూ పళ్ళపొడితోనూ తోమవద్దు. ఏళ్ళ తరబడి పట్టిన నలుపే వాటి వయసుకు సాక్షి. అది పోతే సేకర్త దగ్గర విలువా పోతుంది. నాణేన్ని అంచు పట్టుకుని ఎత్తండి. మెత్తని ప్లాస్టిక్ సంచుల్లో ఉంచితే పచ్చని జిగురు పడుతుంది. గట్టి మూతలోనో మంచి కాగితంలోనో ఉంచి, తడి తగలని చోట పెట్టండి. ప్రూఫ్ నాణేన్ని పూజలో పెట్టాలంటే మూతతోనే పెట్టి, బొట్టు మూత మీద పెట్టండి. లక్ష్మి ఏమీ అనుకోదు. తిరిగి అమ్మి లాభం చేసుకుందామని మాత్రం కొనవద్దు.

ఇక మా ఇంటి సంగతి. 2024 దీపావళికి అబ్బాయి వచ్చినప్పుడు, ఆ గీతల నాణేనికి బదులు ఇంకొకటి కొంటావేమోనని అడిగాను. అలమర తీసి, నాణేన్ని వెలుతురులో వాలుగా పట్టి చూపించాడు. కొబ్బరిపీచు గీతల నడుమ, రామారావు గారి పక్కన, అద్దంలోకి దిగిపోయిన ఒక బొటనవేలి ముద్ర ఉన్నది. కుంకుమ పెట్టేటప్పుడు మా అమ్మ వేసినది.

"ఇట్లాంటిది టంకసాలలో దొరకదు నాయనా" అని, దాన్ని తీసుకుపోయి వాడే పళ్ళెంలో పెట్టాడు. ఈసారి మూత తీసే పెట్టాడు.