దేశానికి ముందే పుట్టిన డబ్బు

ఉక్రెయిన్ 1984 నాటికి సోవియట్ యూనియన్‌లోని పదిహేను రిపబ్లిక్కులలో ఒకటి. దానికి సొంత సైన్యం లేదు, సొంత నాణెమూ లేదు. అంగళ్లలో చెల్లుబాటయ్యేది సోవియట్ రూబులే. అట్టి కాలంలో, లేని స్వతంత్ర దేశానికి కరెన్సీ నోట్లు చిత్రించాలన్న ఊహ ఒక యువ చిత్రకారునికి కలిగింది. ఆయనే ఒలేహ్ తిస్తోల్. 'ఉక్రెయిన్ డబ్బు' అన్న ఆ చిత్రమాల ఏళ్ల తరబడి సాగింది.

తిస్తోల్ 1960లో మికొలాయివ్ ప్రాంతంలోని వ్రదియివ్కాలో జన్మించాడు. ల్వివ్ నగరంలో అలంకరణ కళలను అభ్యసించాడు.

నిత్యజీవితంలో కనిపించే సామాన్య వస్తువులను, ప్రకటనలను చిత్రవస్తువులుగా స్వీకరించే కళారీతికి పాప్ ఆర్ట్ అని పేరు. 1962లో అమెరికా చిత్రకారుడు ఆండీ వార్హోల్ సూపు డబ్బాలను, డాలరు నోట్లను బొమ్మలుగా మలిచాడు. అక్కడ అంగడి నిండా సరుకులున్నాయి. సోవియట్ దేశంలో సరుకుల కన్న నినాదాలు ఎక్కువ. జనం కళ్లెదుట అనుదినం నిలిచినవి నాయకుల ముఖాలు, పతకాలు, రాజముద్రలు. కనుక అక్కడి పాప్ ఆర్ట్ అధికార చిహ్నాలనే పట్టుకొంది. అనుకరణ అక్కడ సహజంగానే వ్యంగ్యమైంది.

1989 నాటి ఆయన చిత్రం పేరు 'బులవాలతో వ్యాయామం'. ఉక్రెయిన్ భాషలో 'బులవా' అంటే కొసాక్కు సేనాని అధికారానికి గుర్తైన గద. జిమ్నాస్టిక్స్ క్రీడాకారిణులు గిరగిర తిప్పే చిన్న దుడ్డుకర్ర కూడా బులవాయే! శ్లేష ఎరిగిన తెలుగు పాఠకునికి ఇంతకుమించి వ్యాఖ్యానం అక్కరలేదు.

1991లో దేశం స్వతంత్రమైంది. మరుసటి ఏడు తాత్కాలిక నోట్లు చెలామణిలోకి వచ్చాయి. ధరలు మండిపోయి వాటి విలువ హరించిపోయింది. 1996 సెప్టెంబరులో హ్రివ్నియా వచ్చినప్పుడు లక్ష పాత కార్బోవానెట్లకు దక్కింది ఒక్క హ్రివ్నియా. కాన్వాసుపై ఉన్న ఊహా ధనమే అసలు ధనం కన్న నిలకడగా ఉండిందన్నమాట.

తిస్తోల్ వ్యంగ్యంలో ద్వేషం లేదు. అరిగిపోయిన మూసబొమ్మలోని అందాన్ని ఆయన ప్రేమిస్తాడు, ప్రేమిస్తూనే నవ్విస్తాడు. క్రిమియా దక్షిణ తీరానికి సోవియట్ యాత్రికులు వాడిన పొడి అక్షరాలతో 'యూ బే కా' అన్న చిత్రమాల గీశాడు. అందులో ఎటుచూసినా తాటిజాతి చెట్లే. అవి ఆ నేలపై పుట్టినవి కావు, విహారస్థలాల శోభకై పరదేశాల నుండి తెచ్చి నాటినవి. బొమ్మలోని చమత్కారమంతా అదే.

2014లో రష్యా క్రిమియాను ఆక్రమించింది. ఆ చెట్ల బొమ్మల ముందు నిలిచిన ఉక్రెయిన్ ప్రేక్షకునికి ఇప్పుడు నవ్వు అంత తేలికగా రాదు.